ఆ డబ్బు ఊరికే రాలేదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

కిందటి వారం మీ పత్రిక పాఠకుల లేఖల్లో ఒక పెద్దాయన రాసింది చదివాను. కాలేజీ పిల్లల ఫీజులు ప్రభుత్వం కట్టడం దండగ అనీ, ఊరికే వచ్చిన డబ్బుకు విలువ తెలియదనీ రాశారు. వయసులో పెద్దవారు, ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఆ 'ఊరికే' అన్న మాట రెండు రోజులు మనసులో నుంచి పోలేదు. మా ఇంట్లో ఒక నోటుబుక్కు ఉంది. అందులో ఏముందో చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది ప్రకాశం జిల్లా టంగుటూరు మండలం. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్న పోయాడు. అమ్మ పొగాకు పనికి వెళ్తుంది. పచ్చాకు రోజుల్లో ఆకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర, ఆ తర్వాత గ్రేడింగు షెడ్లలో, అదీ లేనప్పుడు మిరప కోతలకు. 2019లో ఇంటర్ పాసయ్యాను. ఒంగోలులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బీకాం కంప్యూటర్స్‌లో చేరాను. ఏడాదికి ఫీజు 14,000. అమ్మకు అప్పట్లో రోజు కూలి 250. ప్రభుత్వం ఫీజు కట్టకపోతే నేను ఆ మెట్టు ఎక్కేదాన్ని కాదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ సాయాన్ని నేను చిన్నచూపు చూడడం లేదు. దాని మీదే చదువుకున్నాను.

కామర్స్‌లో మొదట నేర్పేది జమ, ఖర్చు రాయడం. నాకు అది బాగా నచ్చి ఇంట్లో కూడా రాయడం మొదలుపెట్టాను. ముందు పేజీల్లో పాలు, బియ్యం, బస్సు పాసు. చివరి పేజీలో మాత్రం వేరే లెక్క రాసేదాన్ని. నా ఫీజు కాగితాల కోసం అమ్మ పని మానుకున్న రోజులు. ఆదాయ ధ్రువపత్రానికి 2 రోజులు. అమ్మ ఆధార్‌లో పేరు సరిచేయడానికి 3 రోజులు. బ్యాంకులో ఆధార్ లింకు చేయించడానికి 4 రోజులు. గ్రామ సచివాలయంలో వేలిముద్రకు 3 రోజులు. కాలేజీకి రమ్మన్నప్పుడల్లా పోయినవి 5 రోజులు. మూడేళ్లలో మొత్తం 17 రోజులు. 250 చొప్పున వేసుకున్నా 4,250 రూపాయలు. దీనిలో బస్సు చార్జీలు, జిరాక్సులు కలపలేదు.

వేలిముద్ర సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పొగాకు పని చేయనివాళ్లకు అది తెలియదు.

పచ్చాకును కర్రలకు కట్టేటప్పుడు దాని బంక చేతులకు పడుతుంది. పొద్దున పసుపుపచ్చగా ఉంటుంది, సాయంత్రానికి నల్లగా, తారులాగా గట్టిపడుతుంది. సబ్బుకు పోదు. కొబ్బరినూనె రాసి, బూడిదతో రుద్దితే కొంత వదులుతుంది. బంకతో పాటు చర్మం కూడా వస్తుంది. ఇరవై ఏళ్లు ఆ పని చేసినవాళ్ల వేళ్ల కొనలు చూడండి, గీతలు ఉండవు, నున్నగా అరిగిపోయి ఉంటాయి. 2020 జనవరిలో, సరిగ్గా ఆ రోజుల్లోనే, ఫీజు ఇచ్చే విద్యాదీవెన, తిండి, వసతి ఖర్చులిచ్చే వసతి దీవెన పథకాలకు తల్లి వేలిముద్ర కావాలన్నారు. సచివాలయాలు అప్పుడే కొత్తగా వచ్చాయి. మెషీను మీద అమ్మ బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. చూపుడువేలు. మళ్లీ ఎర్ర లైటు. పది వేళ్లూ అయిపోయాయి. వెనక లైనులో వాళ్లు విసుక్కుంటున్నారు. అమ్మ తలదించుకుని, ఏదో తప్పు చేసినదానిలాగా చెయ్యి కొంగులో దాచుకుంది.

అక్కడ పని చేసే అమ్మాయి మంచిది, ఆమె మేలు మరచిపోను. "పర్వాలేదు పిన్నీ, రేపు రా, రాత్రికి నూనె రాసుకుని పడుకో" అంది. రేపు కూడా పడలేదు. మూడో రోజు ఆ అమ్మాయే లేచొచ్చి, తన చేతిరుమాలు తడిపి అమ్మ వేళ్లు ఒక్కొక్కటీ తుడిచి, నొక్కిపెట్టి పట్టుకుంది. ఎడమ చేతి ఉంగరపు వేలుకు పచ్చ లైటు వెలిగింది. అప్పటి నుంచి రేషన్ షాపులో అయినా, బ్యాంకులో అయినా అమ్మ ముందు ఆ వేలే పెడుతుంది. "ఇదే నా సంతకం" అంటుంది.

డబ్బు వచ్చిన రోజు కూడా చెప్పాలి. 2020 ఫిబ్రవరి ఆఖర్లో వసతి దీవెన మొదటి విడత 10,000 రూపాయలు అమ్మ అకౌంటులో పడ్డాయి. డిగ్రీ చదివేవాళ్లకు అప్పట్లో ఏడాదికి 20,000, రెండు విడతల్లో. పాలిటెక్నిక్ వాళ్లకు 15,000, ఐటీఐ వాళ్లకు 10,000. పాస్‌బుక్కు ప్రింటు వేయించుకుని వచ్చి అమ్మ ఆ ఒక్క గీతను వేలితో తడిమి, "ఇదేనా?" అని నన్ను మూడుసార్లు అడిగింది. ఆ డబ్బుతో పరీక్ష ఫీజు కట్టాం, పుస్తకాలు కొన్నాం. ఒక నెలకే కరోనా వచ్చి కాలేజీలు మూసేశారు. మిగిలిన దానికి ఇంకొంత వేసి 6,500కు ఒక సెకండ్ హ్యాండ్ ఫోను కొన్నాం. ఆన్‌లైన్ క్లాసులు మొత్తం దానిలోనే విన్నాను. గేదెల కొట్టం పక్కన సిగ్నలు బాగా వచ్చేది, అక్కడ స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. ఎక్సెల్ నేర్చుకున్నది ఆ ఫోనులోనే. ఈ రోజు నేను ఇంటర్నెట్ సెంటర్లో పని చేసి నెలకు జీతం తెచ్చుకుంటున్నానంటే దానికి మొదలు ఆ 10,000. దండగ అన్న పెద్దాయనకు నేను చెప్పే జవాబు ఇదే.

ఇక నా బాధ. ఫీజు ప్రభుత్వమే కడుతుందని చేర్చుకునే రోజు కాలేజీ వాళ్లు చెప్పారు. నెల తిరగకముందే "ముందు మీరు కట్టండి, పడ్డాక తిరిగి ఇస్తాం" అన్నారు. అమ్మ మేస్త్రి దగ్గర వచ్చే సీజన్ పనికి ఒప్పుకుని 8,000 తెచ్చి కట్టింది. ఆ తర్వాత ఫీజు పడిందో లేదో మాకు ఎవరూ చెప్పలేదు. ఆఫీసులో అడిగితే "ఇంకా రాలేదు" అంటారు. సచివాలయంలో అడిగితే "మా దగ్గర అయిపోయింది, కాలేజీలో అడగండి" అంటారు. కట్టిన 8,000 తిరిగి ఇవ్వలేదు, రెండో ఏడాదిలో తగ్గిస్తామన్నారు. తగ్గించారు కూడా, కాదనను. కానీ మేస్త్రి దగ్గర అమ్మ ఒప్పుకున్న పని ఆ ఏడాదే చేయాల్సి వచ్చింది.

2022లో ఫైనలియర్ అయిపోయింది. ఆఖరి విడత ఫీజు ఇంకా విడుదల కాలేదు. టీసీ, టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ ఇమ్మంటే, 4,000 బాకీ కడితేనే ఇస్తామన్నారు. ఆ బాకీ నాది కాదు, ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్యది. అప్పుడు నాకు ఒక డేటా ఎంట్రీ ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన ఉంది. తేదీ దగ్గరపడే కొద్దీ టెన్షన్‌తో అన్నం సయించలేదు. చివరికి అమ్మ తన కమ్మలు తాకట్టు పెట్టింది. డబ్బు తీసుకుని కాలేజీకి పోయేసరికి సర్టిఫికెట్లు ఇచ్చే క్లర్కు సెలవులో ఉన్నాడు. రెండు రోజులు ఆలస్యం. ఆ ఉద్యోగం పోయింది. నాలుగు నెలల తర్వాత ఆ ఫీజు డబ్బు అమ్మ అకౌంటులో పడింది. కమ్మలు విడిపించాం, వడ్డీ మేం కట్టుకున్నాం.

పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని, యూనివర్సిటీలను, కాలేజీలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు మా సెంటర్‌కు వచ్చే ప్రతి పిల్లకూ చెబుతున్నాను. కావాలంటే ఆ కాగితం ప్రింటు తీసి చేతికిస్తాను, డబ్బులు తీసుకోను.

సెంటర్లో కూర్చుంటే ఎవరి కష్టం ఎక్కడ ఇరుక్కుందో రోజూ కళ్ల ముందు కనబడుతుంది. మొన్న ఒక పాప వచ్చింది, స్కాలర్‌షిప్ డబ్బు అందరికీ పడింది, నాకే పడలేదని ఏడుపు ముఖంతో. జ్ఞానభూమిలో, అంటే ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైటులో, చూస్తే డబ్బు వేసినట్టే ఉంది. బ్యాంకు పుస్తకంలో లేదు. గంటసేపు వెతికితే తెలిసింది, ఆరు నెలల కింద కొత్త సిమ్ తీసుకున్నప్పుడు ఆ షాపులో వేలు పెట్టించుకుని ఒక పేమెంట్స్ బ్యాంకు అకౌంటు తెరిచేశారు. ఆధార్‌కు ఆఖరున ఏ అకౌంటు లింకు అయితే ప్రభుత్వం వేసే డబ్బు దానిలోకే పోతుంది. ఆ పాపకు అలాంటి అకౌంటు ఒకటి ఉందనే తెలియదు. దొరికింది కాబట్టి సరిపోయింది. దయచేసి తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోండి, సిమ్ షాపులో ఎందుకు వేలు పెట్టమంటున్నారో అడిగి గానీ పెట్టొద్దు.

ఇంకొకటి, పిల్లలకు 15 ఏళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప కొత్తగా ఇవ్వాలి. చిన్నప్పుడు ఇచ్చినవి పనికిరావు. ఇంటర్లో చేరేటప్పుడు ఎవరూ పట్టించుకోరు, డిగ్రీలో ఈకేవైసీ దగ్గర, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూసే దగ్గర, ఆగిపోతుంది. పేర్ల గొడవ సరేసరి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండుసార్లే అవకాశం ఉంది, అందుకని టెన్త్ మెమో ముందు పెట్టుకుని, అక్షరం అక్షరం చూసుకుని మార్పించుకోవాలి. మా అమ్మకు రేషన్ కార్డులో పేరు చివర 'అమ్మ' ఉంది, ఆధార్‌లో లేదు. ఆ రెండక్షరాలకు మూడు రోజుల కూలి పోయింది.

నాతో చదివిన ఎస్సీ అమ్మాయిలది ఇంకో తీరు. వాళ్ల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. 2021-22 నుంచి కేంద్రం వాటా నేరుగా విద్యార్థి సొంత అకౌంటులో వేస్తున్నారు. అది మంచి పద్ధతే. కానీ రెండు వాటాలు ఒకే రోజు పడవు. ఒక వాటా పడ్డాక కాలేజీకి కడితే, మిగతాది ఏదని క్లర్కు ఆ పిల్లనే నిలదీసేవాడు. ఆ పిల్ల ఏం చెప్పగలదు?

అందరికీ అర్హతల సంగతి మాత్రం నోటికి వచ్చు. ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు, మాగాణి అయితే 10 ఎకరాల లోపు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు, హాజరు 75 శాతం. మనం ఏం ఇవ్వాలో గోడ మీద అంటించి ఉంటుంది. మనకు ఏం వస్తుందో, ఎప్పుడు వస్తుందో, ఆగితే ఎవరి దగ్గర ఆగిందో ఎక్కడా అంటించి ఉండదు.

నేను ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానంటే, వేరే చోట ఎలా ఇస్తారో ఈ మధ్య ఒక కాగితంలో చూశాను. మా సెంటర్‌కు ప్రింట్లకు ఒక రిటైర్డ్ మాస్టారు వస్తారు. ఆయన కూతురి కుటుంబం అమెరికాలో టెక్సస్‌లో ఉంది. అల్లుడు ఒక షాపులో పని చేస్తాడు, పెద్ద జీతం కాదు. అక్కడే శాశ్వతంగా ఉండే గ్రీన్‌కార్డు ఉంది. మనవరాలు అక్కడే ఇంటికి దగ్గర్లో కమ్యూనిటీ కాలేజీలో చేరింది. అక్కడ సాయానికి ఫాఫ్సా అని ఒకే దరఖాస్తు. తల్లిదండ్రులు ఆన్‌లైన్‌లో ఒప్పుకుంటే ఆదాయం లెక్క పన్నుల శాఖ నుంచి నేరుగా దరఖాస్తులోకి వచ్చేస్తుందట. తహసీల్దార్ ఆఫీసుకు పోయినట్టు ఎక్కడికీ పోనక్కర్లేదు. కూతురు పంపిన పీడీఎఫ్‌ను మాస్టారు ప్రింటు తీయించుకున్నారు. ఇంగ్లీషు కాగితం, నేనే ఆయనకు చదివి చెప్పాను.

క్లాసులు మొదలుకాకముందే వచ్చిన ఉత్తరం అది. పైన కాలేజీకి ఏడాదికి అయ్యే ఖర్చు. ఫీజు, పుస్తకాలు, రానూపోనూ ఖర్చు, అన్నీ వేరువేరుగా. దాని కింద అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ ఎంత, ఏ సెమిస్టర్‌కు ఎంత. ఆ గ్రాంటు తిరిగి కట్టనక్కర్లేదు, ఏడాదికి ఎక్కువలో ఎక్కువ 7,395 డాలర్ల దాకా ఇస్తారు. కాలేజీలోనే గంటల లెక్కన చేసుకునే పని ఇస్తే ఎంత వస్తుందో ఒక వరుస. ఆఖర్లో, మీరు చేతి నుంచి పెట్టుకోవాల్సింది ఇంత. సందేహం ఉంటే అడగాల్సిన ఆఫీసు. అంతే. ఒక్క పేజీ. షరతులు వాళ్లకూ ఉన్నాయి. మార్కులు తగ్గితే ఆపేస్తారు, సెమిస్టర్ మధ్యలో మానేస్తే కొంత వెనక్కి కట్టమంటారు. కానీ ఆ పిల్లకు ముందే తెలుసు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి స్టూడెంట్ వీసా మీద పోయే పిల్లలకు ఈ ఫాఫ్సా సాయం రాదు. అది అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, ఇంకా అలాంటి కొద్దిమందికే. పోయాక ప్రభుత్వమే ఫీజు ఇస్తుందని ఎవరైనా చెబితే పొలం అమ్మి మోసపోవద్దు.

నేను అక్కడి డాలర్ల గురించి అడగడం లేదు. ఆ ఒక్క పేజీ గురించి అడుగుతున్నాను. మన జ్ఞానభూమిలో పిల్లల వివరాలన్నీ ఉన్నాయి. ఏ కోర్సుకు ఎంత ఫీజు ఖరారు చేశారో ఉంది. కాలేజీ ప్రిన్సిపాల్ లాగిన్ నుంచి ఎప్పుడు పోయిందో, సచివాలయంలో ఎవరు చూశారో ఉంది. అలాంటప్పుడు చేరిన నెల రోజుల్లో పిల్ల చేతికి తెలుగులో ఒక కాగితం ఇవ్వడానికి అడ్డేమిటి? నీకు ఈ ఏడాది ఇంత ఫీజు మంజూరైంది, ఇన్ని విడతల్లో, ఈ అకౌంటుకు పోతుంది. కాలేజీ నిన్ను అడగాల్సింది ఇంత, లేదా సున్నా. ఆగితే కారణం ఇది, ఈ అధికారిని కలవాలి. కింద ఒక సంతకం, ఒక సీలు. ఆ కాగితం మా అమ్మ చేతిలో ఉంటే మేస్త్రి దగ్గరకు పోయేది కాదు.

ఇప్పుడు ఇది ఇంకా అవసరం. పథకం పేరు మారింది, పద్ధతి మారింది. 2021లో తల్లి అకౌంటు అన్నారు, తర్వాత తల్లీ పిల్లల జాయింట్ అకౌంటు అన్నారు, 2024 నుంచి నేరుగా కాలేజీ అకౌంటుకే ఫీజు అన్నారు. తల్లులు బ్యాంకుల చుట్టూ తిరగక్కర్లేదు కాబట్టి నాకు ఇది నచ్చింది. అయితే డబ్బు మన చేతి మీదుగా పోనప్పుడు పడిందో లేదో మనకు ఎలా తెలుస్తుంది? కాలేజీ వాళ్లు "రాలేదు" అంటే రాలేదని నమ్మాల్సిందేనా? ఫోనుకు ఒక మెసేజ్ వచ్చినా చాలు. కరెంటు బిల్లు కడితే వస్తోంది, గ్యాస్ బండకు వస్తోంది. పిల్ల ఫీజుకు రాకూడదా?

కలెక్టర్ గారు గానీ, సాంఘిక సంక్షేమ, బీసీ సంక్షేమ అధికారులు గానీ ఈ ఉత్తరం చూస్తే, రాష్ట్రమంతా మార్చే దాకా ఆగకుండా మన జిల్లాలో ముందు మొదలుపెట్టమని వేడుకుంటున్నాను. ఆ కాగితం ఎలా ఉండాలో నేను ఒక నమూనా టైపు చేసి పెట్టాను, ఎవరు అడిగినా ఇస్తాను. పొగాకు సీజన్‌లో తల్లుల వేలిముద్రలు పడనప్పుడు కంటిపాపతో గానీ, ముఖం ఫొటోతో గానీ ఈకేవైసీ చేసే వీలు ప్రతి సచివాలయంలో ఉండేలా కూడా చూడండి.

నిన్న సాయంత్రం సెంటర్ మూసే వేళకు కొండపి వైపు నుంచి ఒక తల్లీ కూతురు వచ్చారు. తల్లి చేతులు చూడగానే ఏం పని చేస్తుందో తెలిసిపోయింది. కూతురు డిగ్రీ రెండో ఏడాది. ఫీజు పడలేదని కాలేజీలో హాల్ టికెట్ ఆపారు. మేం చూస్తే సచివాలయం దాకా అంతా అయిపోయింది, ఆ పైన 'వెరిఫికేషన్‌లో ఉంది' అని మాత్రమే ఉంది. ఎవరి దగ్గర అన్నది లేదు. ఆ తల్లి నన్ను, "ఎవరి కాళ్లు పట్టుకోవాలో చెప్పమ్మా, పోయి పట్టుకుంటా" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పరీక్షలు వచ్చే సోమవారం.

ఇట్లు,
ఒక పొగాకు కూలీ కూతురు,
టంగుటూరు, ప్రకాశం జిల్లా.